మొదటి గంటలో చెప్పాల్సిన మాట

శనివారం పొద్దున మా అమ్మాయి నెట్‌బాల్ ఆడే మైదానం పక్కన చిన్న క్యాంటీన్ ఉంది. అప్పుడే నూనెలోంచి తీసిన చిప్స్ మీద వాళ్ళు వినెగర్ చల్లగానే ఒక పుల్లటి ఆవిరి లేస్తుంది. మిగతా తల్లిదండ్రులు ఆ వాసన పట్టుకుని వరుసలో నిలబడతారు. నేను మాత్రం కారులో ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి నడుస్తాను. మా అమ్మాయి దీన్ని డైటింగ్ అనుకుంటోంది. నేనూ కాదనలేదు. చేయని మంచిపనికి పేరు వస్తుంటే వద్దనే అలవాటు నాకు లేదు. అసలు సంగతి, ఆ వాసనకు నాకు ఆకలి వేయదు, సిగ్గు వేస్తుంది. ఆ ఆవిరి వెనకాల, మేం ఉండే స్కోఫీల్డ్స్‌కు పది నిమిషాల దూరంలో ఉన్న ఒక బౌలింగ్ క్లబ్బు, కిటికీ పక్కన గుండ్రటి బల్ల, దాని మీద తినే చిప్స్ ఒక పక్క, ఆడే చిప్స్ ఒక పక్క, రెండింటి మధ్య ముక్కు చివరి కళ్ళద్దాల్లోంచి చూస్తూ సుభద్ర ఆంటీ కనిపిస్తారు.

నేను ఆవిణ్ణి మొదటిసారి చూసింది తలకిందులుగా. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటులో ఉండే రోజులు. వీసా మీద ఈ దేశం వచ్చి ఏడాది కాకముందే నా పిత్తాశయంలో రాళ్ళు చేరాయి. ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకున్నదానికి తల వైపు నిలబడ్డ మనిషి మొహం ఇంకెలా కనిపిస్తుంది? డాక్టర్ సుభద్ర గారిది తెనాలి దగ్గర ఊరు. ముప్ఫై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశారు. పేరులో భద్రం, చేతిలో మత్తు. ఆ రెండూ కలిసి నా మీదకు వంగి తెలుగులో పలకరించాయి.

"ఏ ఊరమ్మాయ్?"

"ఒంగోలండీ."

"భయంగా ఉందా?"

"లేదండీ."

"నువ్వు అబద్ధం చెప్తున్నావు. నీ గుండె ఇక్కడ స్క్రీన్ మీద నిజం చెప్తోంది. సరే, పది నుంచి వెనక్కి లెక్కపెట్టు. తెలుగులో పెట్టు, ఇంగ్లీషులో అయితే అందరూ పెడతారు."

పది, తొమ్మిది, ఎనిమిది అన్నాను. ఏడు నోట్లోనే ఉండిపోయింది. తరవాత ఎన్నేళ్ళకు ఎవరికి పరిచయం చేసినా "మాధవి, ఏడు దాటని పిల్ల" అనే చెప్పేవారు. ఒక మనిషి ఎక్కడ ఆగిపోతుందో ఆవిడకు మొదటి రోజే తెలుసు కాబోలని ఇప్పుడు అనిపిస్తుంది.

మేం స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకుని వచ్చేసరికి ఆవిడ రిటైరై మా వెనక వీధిలోనే ఉన్నారు. రిటైరైన రెండో ఏడు అంకుల్ పోయారు. కూతురు బ్రిస్బేన్‌లో. నాలుగు పడకగదుల ఇంట్లో ఆవిడ, ఒక కాఫీ ఫిల్టరు. అప్పుడే మా తెలుగు సంఘం వాళ్ళు ఆదివారం బడి మొదలుపెట్టి, పెద్దవారు కదా అని ఆవిణ్ణి అడిగారు. పిల్లలకు తెలుగు, నోటి లెక్కలు. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఆవిడ ఆ జవాబులు వినిపించనట్టే కూర్చునేవారు. "ఆంటీ, కెన్ ఐ గో టు ద టాయ్‌లెట్" అంటే కిటికీలోంచి మబ్బులు చూసేవారు. చివరికి ఆ పిల్లవాడు కాళ్ళు మెలిపెట్టుకుంటూ "వెళ్ళొచ్చా ఆంటీ" అంటే, "పరిగెత్తు నాయనా" అనేవారు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ బడి కోసం కార్డులు రాసుకునేవారు, బొమ్మలు కత్తిరించుకునేవారు. నేను సంఘానికి కార్యదర్శిని. హాలు తాళాలు నా దగ్గరే ఉండేవి. ఏ ఆదివారం వెళ్ళినా ఆవిడ నాకంటే ముందే వచ్చి తలుపు బయట మెట్టు మీద కూర్చుని ఉండేవారు. వారం మొత్తానికి ఆవిడకు ఉన్న రోజు అదొక్కటేనని నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి పుట్టినరోజుకు హాలు అడుగుదామని ఆ బౌలింగ్ క్లబ్బుకు వెళ్ళాను. పెద్దవాళ్ళు పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట పేరున నడిచే క్లబ్బు అది, బారు, అద్దెకిచ్చే హాలు కూడా ఉంటాయి. లోపల ఇరవై మందిదాకా పేకాట ఆడుతున్నారు. పచ్చబొట్లు, బీరు గ్లాసులు, వాటి మధ్య నీలం కార్డిగన్ వేసుకుని మా బడి ఆంటీ. ముందు చిప్స్, అంటే పందెం కాసే ప్లాస్టిక్ బిళ్ళలు, రంగుల వారీగా దొంతర్లు పెట్టి ఉన్నాయి, ఆపరేషన్ గదిలో ట్రేలో సూదులు పేర్చినంత శుభ్రంగా. నన్ను చూసి ఏమాత్రం తొణకలేదు.

"ఎవరు పంపారు? కమిటీనా?"

"బర్త్‌డేకి హాలు బుక్ చేద్దామని ఆంటీ."

"మంచిది. ఐదు నిమిషాలు అట్లా కూర్చో. ఈయన్ని ఇంటికి పంపించి వస్తా."

'ఈయన' ఎదురుగా కూర్చున్న కెవ్ అనే ట్రక్కు డ్రైవరు, ఎర్ర గడ్డం ఆసామి. ఐదు నిమిషాలు పట్టలేదు. రెండు నిమిషాల్లో కెవ్ లేచి ఆవిడకు చెయ్యి కలిపి "గుడ్ ఆన్ యా, డాక్" అని బీరు తెచ్చుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆడేది పోకరు, చేతికి తలా రెండు ముక్కలు, కానీ అది డబ్బాట కాదు. ప్రవేశం ఉచితం, బల్ల మీదకు డబ్బు రాదు. అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. అవి పోయినవాళ్ళు లేచిపోవాలి, మళ్ళీ కొనుక్కునే వీలు లేదు. చివరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. మరి ఎవరూ పందెం కాయకుండా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోకుండా ఒక ఏర్పాటు ఉంది. ప్రతి ఆటలో వంతులవారీగా ఇద్దరు ముక్కలు చూడకముందే కొన్ని చిప్స్ పెట్టి తీరాలి. దాన్ని బ్లైండ్ అంటారు. ఇరవై నిమిషాలకోసారి అది పెరుగుతుంది. మొదటి గంటలో చీమ కుట్టినట్టు ఉంటుంది, మూడో గంటలో చెయ్యి కొరికేస్తుంది. ఆవిడ నాకు ఇదంతా తెలుగులోనే చెప్పారు. ఇస్పేటు, కళావరు, ఆటీను అంటూ ఆవిడ ఆడుతుంటే కెవ్ కూడా ఇస్పేటు రాగానే "ఇస్పేట్, డాక్" అనేవాడు. ఆదివారం పిల్లలకు రాని ఉచ్చారణ శనివారం అతనికి వచ్చింది.

నేను ఆ బల్ల దగ్గర చేరడానికి రెండు వారాలు పట్టింది. ఇంట్లో వాకింగ్ గ్రూప్ అని చెప్పాను. ఎందుకు చెప్పానో మన వాళ్ళకు వివరించక్కర్లేదు. మా వైపు పెళ్ళిళ్ళలో మగవాళ్ళు చాప పరిచి రాత్రంతా రమ్మీ ఆడితే అది సందడి. ఆడదాని చేతిలో ముక్క కనిపిస్తే అది పేకాట. మా ఆయనది కరీంనగర్, అనుమానించే మనిషి కాదు. ఒకరోజు మాత్రం అన్నాడు: "గీ వాకింగ్ ఏందో గని మాధవీ, రెండేసి గంటలు నడుస్తున్నవ్, ఒక్క గ్రాము తగ్గుతలేవ్." కూర్చుని నడిచే నడక అంతేనని నాకు తెలుసు.

మొదటి నెల నేను ముక్కలు పారేయడం తప్ప ఏమీ చేయలేదు. మంచి ముక్కలు వస్తాయి, అప్పుడు చూద్దాం అని కూర్చున్నాను. రెండు గంటలు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. బ్లైండ్స్ పెరిగి పెరిగి నా దొంతరను తినేశాయి. చివరి నాలుగు చిప్స్ ఏవో పనికిరాని ముక్కల మీద పెట్టి లేచాను.

"ఎట్లా ఓడిపోయానో నాకే తెలీలేదు ఆంటీ," అన్నాను.

"నువ్వు ఓడిపోలేదు," అన్నారు. "ఆవిరైపోయావు."

ఆ మాటకు పౌరుషం వచ్చి తరవాతి శనివారం ఆట మొదలైన నాలుగో నిమిషంలో, చేతిలో రెండు జాకీలు కనపడగానే, ఉన్నవన్నీ ముందుకు తోసేశాను. మా బల్ల దగ్గర ఒక ముసలావిడ ఉండేది, ఆడుతూనే స్వెట్టరు అల్లుకునేది. ఆవిడ చేతిలో రెండు రాజులు. నేను మిగిలిన మధ్యాహ్నమంతా అందరికీ టీలు మోశాను. అప్పుడు ఆంటీ నా చెవి దగ్గరకు వంగి అడిగారు.

"ఆవిడ అల్లిక కింద పెట్టడం ఎప్పుడన్నా చూశావా?"

"లేదు ఆంటీ."

"ఇవాళ పెట్టింది. పందెం పెంచే ముందు సూదులు ఒళ్ళో పెట్టుకుంది. నా దగ్గర రెండు రాణులున్నయ్. ఆ సూదులు కిందకి దిగంగానే పారేశా. నువ్వు నీ ముక్కలు చూసుకుంటున్నావు. అవతల ఎవరున్నారో చూడట్లా."

ఆ పక్క వారమే ఆవిడ రెండో ఇరవై నిమిషాల్లో, చేతిలో ఒక ఆసు, ఒక పది మాత్రమే పెట్టుకుని, కెవ్ మీద తన దొంతర మొత్తం పెట్టేశారు. రాణులు పారేసిన మనిషి పదితో ప్రాణం పెట్టింది. గెలిచారు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఆగలేక అడిగాను, అది పోతే ఏం చేసేవారని.

"రెండున్నరకల్లా ఇంటికెళ్ళి కాఫీ పెట్టుకునేదాన్ని. కెవ్ ప్రతి ఆటకీ పెంచుతాడు, ఏ ముక్కలొచ్చినా పెంచుతాడు. పదిసార్లు పెడితే ఆరేడుసార్లు నాదే. ఇవాళ పోయినా ఆ లెక్క తప్పు కాదు."

"మరి మొదట్లోనే ఎందుకు? ఆగొచ్చు కదా?"

"మత్తిచ్చే ముందు మేం రెండు రిస్కులు పక్కపక్కన పెట్టుకుంటాం. ఇప్పుడు చేస్తే ఏమవుద్ది, ఆగితే ఏమవుద్ది. జనం మొదటిదాన్నే రిస్కు అంటారు. ఆగడం కూడా మందే అమ్మాయ్, దానికీ డోసు ఉంది. చిన్నదాని కోసం మొత్తం పెట్టకు, నిజమే. కానీ ఓడినా మళ్ళీ ఇదే చేస్తా అనిపించినప్పుడు మాత్రం మొదట్లోనే పెట్టు. గెలిస్తే వాడుకోటానికి టైముంటది. చివర్లో పెట్టేది రిస్కు కాదు, గతిలేక పెట్టేది."

ఈ మాటల్లో నాకు బాగా నచ్చిన వాక్యం ఒక్కటే: చిన్నదాని కోసం మొత్తం పెట్టకు. మిగతావాటికి ముందూ వెనకా కత్తిరించి దాన్నొక్కదాన్ని దాచుకున్నాను. మనకు కావలసిన ముక్కే మనం ఏరుకుంటాం.

ఆ ఏడు శీతాకాలంలో ఒక శనివారం ఆవిడ మొత్తం ఆట గెలిచారు. నేను నాలుగో స్థానంలో పోయాను. నా మట్టుకు అది ఎవరెస్టు. క్లబ్బులో బహుమతి మీట్ ట్రే. ప్లాస్టిక్ కాగితం చుట్టిన పళ్ళెంలో సాసేజీలు, మటను ముక్కలు. గుడ్డు కూడా తినని మనిషి, పేకముక్కలు ఆడి మాంసం ముక్కలు గెలిచారు. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ ఆ పళ్ళాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఫొటోకు నిలబడ్డారు. నేను పక్కన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాను. ఫొటో తీశాక ఆవిడ పళ్ళాన్ని కెవ్‌కు ఇచ్చేశారు. "ఇదంతా నీ చిప్సే కదయ్యా, వండుకు తిను" అని తెలుగులో చెప్పారు, అతనికి అర్థమైంది.

ఎనిమిది రోజుల తరవాత, ఆదివారం బడి అయ్యాక, పిల్లలు వెళ్ళిపోయాక, అదే హాల్లో కమిటీ సమావేశం పెట్టారు. సమోసాలు, టీ, ఐదుగురం. అధ్యక్షుడు రమణారావు గారు ఫోన్ బల్ల మీద పెట్టారు.

"నేనేం అనను. మీరే చూడండి," అన్నారు. ఆ తరవాత పావుగంట అన్నారు.

క్లబ్బు వాళ్ళు తమ పేజీలో పెట్టిన ఫొటో అది. ఎవరో చూసి వాట్సాప్‌లో వేశారు. మీట్ ట్రే, వెనక బీరు గ్లాసులు, బల్ల మీద పేకముక్కలు, మధ్యలో సుభద్ర ఆంటీ. పక్కన నా మొహం కోసం వెతికాను. ఫొటోలో నేను లేను. ఎడమ పక్క కత్తిరించి ఉంది. ఆవిడ భుజం మీద నాలుగు వేళ్ళు మాత్రం ఉన్నాయి, ఒక వేలికి నా ముత్యపుటుంగరం.

"అయ్యో, ఆంటీ ఏంటండీ ఇలా," అంది హైమ. తన పిల్లలిద్దరూ బడికి వచ్చేవారు. "పులిహోరలో ఇంగువ ఏ బ్రాండని అడిగే మనిషి, చేతిలో ఆ మీట్ ఏంటి?"

"మీట్ సంగతి వదిలెయ్యమ్మా. పేకాట. పిల్లలకు పాఠం చెప్పే మనిషి. పేరెంట్స్ అడుగుతున్నారు, వాట్ మెసేజ్ ఆర్ వుయ్ గివింగ్ అని."

కొత్తగా చేరిన ప్రవీణ్ అనే కుర్రాడు సమోసా తింటూ మెల్లగా అన్నాడు. "మనం పిక్నిక్‌లో రమ్మీ ఆడతాం కదా సార్."

"అది రమ్మీ ప్రవీణ్. ఫ్యామిలీ గేమ్."

ప్రవీణ్ నవ్వాడు. నవ్వి నా వైపు చూశాడు. అతను తలుపు కొంచెం తెరిచాడు, ఇంకొకరు తోస్తే చాలు. అప్పటికి ఎవరూ ఇంకా ఏదీ తేల్చుకోలేదు. రమణారావు గారు కూడా తన మాట ఎంతవరకు చెల్లుతుందో చూస్తున్నారంతే. ప్రతి ఆటకీ పెంచే మనిషి ఎలా ఉంటాడో నేను ఆర్నెల్లుగా చూస్తూనే ఉన్నాను. నాకు అన్నీ కనపడుతున్నాయి. క్లబ్బులో చేతికి రెండు ముక్కలు వచ్చేవి, ఇక్కడ నోటికి ఒక్క ముక్క రాలేదు.

హైమ ఫొటో పెద్దది చేసింది. "ఈ చెయ్యి ఎవరిది? ఇండియన్‌లా ఉంది."

నేను ఉంగరం ఉన్న చేతిని బల్ల కిందకు దించుకున్నాను.

"ఫిలిపినో అయి ఉంటుంది," అన్నాను. "ఆ క్లబ్బుకి చాలామంది వస్తారట."

ఊరుకుని ఉంటే పిరికిదాన్ని మాత్రమే అయ్యేదాన్ని. ఆ 'వస్తారట'తో, నేనెన్నడూ అటు వెళ్ళలేదని ఎవరూ అడగకుండానే సాక్ష్యం చెప్పుకున్నాను. తలలో మాత్రం ఆంటీ వాక్యమే మోగుతోంది: చిన్నదాని కోసం మొత్తం పెట్టకు. ఇది చిన్న సమావేశం. వచ్చే నెల సర్వసభ్య సమావేశం ఉంది, అప్పుడు అందరి ముందు గట్టిగా మాట్లాడతాను, ఇప్పుడే ఎందుకు బయటపడటం అని నన్ను నేను ఒప్పించుకున్నాను. ఆవిడ నేర్పిన మాటతోనే ఆవిణ్ణి వదులుకున్నాను. ఆ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోమని చెప్దాం," అన్నారు రమణారావు గారు. "మాధవీ, నువ్వు రాయమ్మా. నీ తెలుగు బాగుంటుంది."

బాగానే రాశాను. 'మీ అమూల్య సేవలకు కృతజ్ఞతలతో', 'మీ ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకొని', 'విశ్రాంతి తీసుకోవలసిందిగా సవినయంగా'. అక్షర దోషం ఒక్కటి లేదు. దోషమంతా రాసినదానిది.

రెండు శనివారాలు క్లబ్బుకు వెళ్ళలేదు. మూడోవారం వెళ్తే ఆవిడ ఎప్పటిలాగే పక్క కుర్చీ మీద సంచీ తీసి నాకు చోటిచ్చారు. ఆట మొదలయ్యే ముందు చిప్స్ పేర్చుకుంటూ అన్నారు. "లెటర్ నువ్వే రాశావు కదూ. సవినయంగా అన్న మాట చూడంగానే అనుకున్నా."

"జనరల్ బాడీలో మాట్లాడతా ఆంటీ. అందరూ ఉంటారు."

"అప్పటికి బ్లైండ్స్ ఎక్కడుంటయ్యో చూసుకో," అన్నారు. అంతే. తరవాత ముక్కలు పంచారు.

ఆ రోజు టీ తెచ్చుకోవడానికి వెళ్తే క్లబ్బు మేనేజరమ్మ నన్ను ఆపి, ఫొటోలోంచి నన్ను కత్తిరించినందుకు ఏమీ అనుకోవద్దంది. డాక్ అడిగిందట, ఆ అమ్మాయిని తీసేసి పెట్టండి, వాళ్ళవాళ్ళకు నచ్చకపోవచ్చు అని. మరి మీది పెట్టొచ్చా అంటే, నాకేం పోతుంది పెట్టెయ్యండి అందట. అప్పటిదాకా నా అదృష్టం కొద్దీ ఫొటో అలా వచ్చిందనుకున్నాను. నాకోసం ఆలోచించింది ఆవిడ. ఆవిడకోసం ఎవరైనా ఆలోచించవలసిన ఒక్క రోజు అక్కడ ఉన్నది నేను. టీ కప్పుతో అక్కడే నిలబడిపోయాను. బల్ల దగ్గరకు వెళ్ళాలంటే ఆవిడ ఎదురుగా కూర్చోవాలి.

సర్వసభ్య సమావేశం నాటికి బడికి కొత్త టీచరు వచ్చేసింది. పిల్లల జాబితాలు, కొత్త పుస్తకాలు అన్నీ సిద్ధం. నేను లేచి "సుభద్ర ఆంటీ విషయం" అనగానే అందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడకు కృతజ్ఞతలు చెప్తున్నాననుకుని. నేనూ కృతజ్ఞతలే చెప్పి కూర్చున్నాను. ప్రవీణ్ చప్పట్లు కొట్టలేదు.

ఆ ఎండాకాలం ఆవిడ ఇల్లమ్మేసి బ్రిస్బేన్‌లో కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. ఏడాది తరవాత ఆఫీసు పని మీద అటు వెళ్ళి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మనిషి చిక్కిపోయారు. చెరువు గట్టున బెంచీ మీద కూర్చున్నాం. దారంతా వల్లె వేసుకున్న మాటలు ఒక్కసారే చెప్పేశాను. చెయ్యి నాదని, ఫిలిపినో అన్నది నేనేనని, కత్తిరించమన్న సంగతి తెలుసునని. "కోపం లేదులే" అంటారని లోపల ఎక్కడో ఎదురుచూస్తున్నాను. క్షమాపణ అడిగేటప్పుడు కూడా నాకు గెలిచే ముక్కలే కావాలి.

"కోపం రాలేదని చెప్పను," అన్నారు. "వచ్చింది. చాన్నాళ్ళు ఉంది. ఆదివారం పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలిసేది కాదు. కార్డులు రాసుకుని ఉంచా, వాటిని ఏం చెయ్యాలో తెలీలా."

ఆవిడ చెరువు వైపు తిరిగి మళ్ళీ అన్నారు.

"నువ్వు మాట్లాడితే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదులే. అది నాకు తెలుసు. లెక్క వేస్తే నువ్వు ఓడిపోయేదానివే. కానీ ఒకరు మాట్లాడారని నాకు తెలిసేది కదా అమ్మాయ్. దాంతో బతికేదాన్ని."

తరవాత లేచి, మోకాళ్ళు పట్టేశాయి, చెయ్యివ్వమన్నారు. ఇచ్చాను. ఇంటి దాకా ఆ చెయ్యి వదలలేదు. కానీ పరవాలేదు అని కూడా అనలేదు. ఆవిడ ఎప్పుడూ రోగికి లేని ధైర్యం ఇచ్చేవారు కాదు.

పోయిన ఏడాది ఆవిడ నిద్రలోనే పోయారు. మా సంఘం సంతాప సభ పెట్టింది. అదే హాలు, అవే సమోసాలు. రమణారావు గారు ఆవిడ క్రమశిక్షణ గురించి పది నిమిషాలు మాట్లాడారు. నా వంతు వచ్చింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. క్లబ్బు, వాకింగ్ అబద్ధం, ఉంగరం, ఫిలిపినో, ఉత్తరం. చెప్పి తలెత్తి చూస్తే ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. హైమ నా చెయ్యి నొక్కి "ఫర్లేదక్కా, అప్పట్లో అందరం అలాగే ఉన్నాం" అంది. రమణారావు గారు నవ్వి, "ఇప్పుడు మా ఆవిడే ఐప్యాడ్‌లో ఆడుతోందమ్మా, పోకరు" అన్నారు. వెనక వరసలో మా ఆయన కూడా నవ్వుతున్నాడు, అన్నేళ్ళకు ఆ వాకింగు గుట్టు తెలిసినందుకు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నా దగ్గర పోవడానికి ఏమీ మిగలని రోజు చూసుకుని నేను మొత్తం పెట్టాను. వినవలసిన ఒక్క మనిషి ఆ గదిలో లేదు.

ఆ సభ నుంచి నాకొక అలవాటు మిగిలింది. దాన్ని మంచి అలవాటు అనడానికి నోరు రాదు. ఆఫీసులో గానీ, పిల్లల స్కూల్లో గానీ, నలుగురు కూర్చున్న చోట ఎదుట లేని మనిషి గురించో, ఎదురు చెప్పలేని మనిషి గురించో మాట మొదలైతే, నాకు గోడ మీద గడియారం వైపు చూపు పోతుంది. నా లెక్క సరైనదేనా, ఇది ఓడినా మళ్ళీ అనే మాటేనా అని అడుగుతాను. అవునని వెంటనే తెలుస్తుంది. తెలిసినదానికీ నోరు తెరవడానికీ మధ్య ఎంతసేపు పడుతోందో చూసుకుంటాను. పోయిన నెల మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి మీద, తను చేయని తప్పు ఒకటి మేనేజరు నవ్వుతూ నవ్వుతూ రుద్దుతున్నాడు. అది తనది కాదని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మాట్లాడాను. అతను ఒప్పుకున్నాడు కూడా. అయితే నాకు పదకొండు నిమిషాలు పట్టింది. అప్పటికే ఆ పిల్ల తల దించేసుకుంది.